ఈల టీచరమ్మ మాట తప్పిన రోజు

ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ, దాన్ని జీతాల గుమాస్తా తప్ప ఎవరూ వాడరు. ఊరందరికీ ఆవిడ ఈల టీచరమ్మ. సర్కారు బడిలో డ్రిల్లు నేర్పుతుంది. మెడలో నల్లతాడుకు ఈల, కాళ్ళకు తెల్ల బూట్లు, ఎండకు కమిలిన ముఖం, ఎప్పుడూ ఎవరినో వెతుకుతున్నట్టుండే కళ్ళు. డ్రిల్లు టీచరంటే బళ్ళో ఎంత మర్యాదో మీకు చెప్పక్కర్లేదు. లెక్కల మాస్టారు సెలవు పెడితే ఆ క్లాసు ఆవిడకే. కుళాయి ఊడిపోతే కబురు ఆవిడకే. పిల్లాడు గోడ దూకి పడితే ముందు ఆవిడకు చీవాట్లు, ఆ తర్వాతే పిల్లాడికి కట్టు. కానీ ఒక్క పనిని మాత్రం ఆవిడ చేతిలోంచి లాక్కోవడానికి ఎవరూ సాహసించరు. పిల్లల్ని ఊరు దాటించి, నాలుగు వింతలు చూపించి, మళ్ళీ ఎవరింటికి వాళ్ళని చేర్చే పని. విహారయాత్ర అనండి, ట్రిప్పు అనండి, ఆ బస్సుకు ఆవిడే అమ్మ.

ట్రిప్పు ఉన్న రోజున ఇంట్లో అత్తగారి హడావుడి చూడాలి. కోడలికన్నా ముందు లేచి, సంచిలో దూదీ, కట్టుగుడ్డలూ, వాంతులకు కవర్లూ తనే సర్దుతుంది. సర్దుతూ సణుగుతుంది.

"పరాయి పిల్లల వాంతులు ఎత్తడానికి ఇంత సంబరమేమిటే నీకు? సరే, దేవుడికి దణ్ణం పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నానత్తయ్యా."

"పిల్లలందరి పేరునా పెట్టుకున్నావా?"

"అందరి పేరునా."

"మరైతే బస్సు కదిలేముందు వాళ్ళ చేత కూడా ఒక్క దణ్ణం పెట్టించకూడదూ? నీ సొమ్మేం పోతుంది?"

ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి తెగని వ్యాజ్యం ఇదొక్కటే. "నా దణ్ణం నా ఇంట్లో అత్తయ్యా. బడి గేటు దాటాక నా దగ్గరుండేది ఈల ఒక్కటే" అంటుంది కోడలు. అత్తగారు మూతి తిప్పుకుంటుంది. మూతి తిప్పుకుంటూనే సంచిలో ఇంకో రెండు పొడి తువ్వాళ్ళు పడేస్తుంది. నోటితో ఎంత పోట్లాడినా ఆ సంచి సర్దేది మాత్రం ఆవిడే. అందుకే టీచరమ్మ ఎప్పుడూ ఎదురు చెప్పి గెలవాలని చూడదు.

ఇక ఆవిడ పద్ధతులు వినండి. ట్రిప్పులో ఆవిడ తలలు లెక్కపెట్టదు. కొత్తగా చేరిన రోజుల్లో లెక్కపెట్టేది, వేలు చూపించి మరీ. ఒకసారి మ్యూజియం దగ్గర లెక్క సరిగ్గా సరిపోయింది. హమ్మయ్య అనుకుని బస్సెక్కించింది. సగం దారిలో వెనక సీట్లోంచి ఒక పిల్లాడు "ఇది మా బడి కాదూ!" అని బావురుమన్నాడు. తీరా చూస్తే, అదే రంగు యూనిఫారం వేసుకున్న వేరే బడి పిల్లాడు. మన పిల్లాడు ఆ బడి బస్సులో కిటికీ పక్కన కూర్చుని, వాళ్ళు పంచిన బిస్కెట్లు నములుతూ రాజాలా పోతున్నాడు. రెండు బస్సులూ వెనక్కి తిరిగి నడిరోడ్డు మీద పిల్లల్ని మార్చుకున్నాయి. మనవాడు దిగనంటాడు, ఆ బస్సులో బిస్కెట్లు ఇంకా ఉన్నాయిట! నవ్వొస్తుంది గానీ, ఆ వేళ టీచరమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ దెబ్బతో లెక్కలకు స్వస్తి చెప్పింది. ప్రతి పిల్లకూ ఒక జోడీ. ఈల మోగగానే జోడీ చెయ్యి పట్టుకోవాలి. పట్టుకోవడానికి చెయ్యి దొరకని పిల్ల గొంతు చించుకుని అరవాలి. అంకెలు అబద్ధమాడతాయేమో గానీ, నేస్తం కనబడని పిల్ల అబద్ధమాడదు.

రెండో పద్ధతి దగ్గరే గొడవంతా. ఇదివరకు ట్రిప్పు బస్సు దారిలో ఎక్కడో ఒకచోట ప్రార్థన చేసుకునే చోట ఆగేది. ఏ మతం వాళ్ళది అని అడక్కండి. ఆ ఏడాది పెద్దమాస్టారు ఎవరైతే వాళ్ళది. "దారిలోదే కదా, అయిదు నిమిషాలు, పుణ్యం ఊరికే పోదు" అని పిల్లలందరినీ దింపి, వరసలో నిలబెట్టి, చేతులు జోడింపజేసి తీసుకొచ్చేవారు. సర్కారు బడి అందరిదీ, అందులో పిల్లల చేత ఏ మతపు మొక్కూ మొక్కించకూడదు, తనంతట తాను మొక్కుకునే పిల్లని ఆపకూడదు అని నియమం ఎప్పటి నుంచో ఉంది. ఉంటే ఏం, పాత కుర్చీలా మూలన పడి ఉంది. ఈల టీచరమ్మ దాని దుమ్ము దులిపింది. నా బస్సు బడి గేటు దగ్గర బయల్దేరితే చూడబోయిన చోటే ఆగుతుంది, మధ్యలో ఏ దేవుడి గుమ్మం దగ్గరా ఆగదు అని తేల్చి చెప్పింది.

ఇంకేముంది! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. ఈవిడ వాళ్ళ మనిషి అని వీళ్ళు, వీళ్ళ మనిషి అని వాళ్ళు. అసలు దేవుడే లేడంటుంది అని ఇద్దరూ కలిసి. పాపం అత్తగారు వీధిలో నిలబడి, "మా కోడలు పొద్దున్నే దణ్ణం పెట్టుకోనిదే మంచినీళ్ళు ముట్టదు" అని సాక్ష్యం చెప్పుకోవాల్సి వచ్చింది. ఇప్పటి పెద్దమాస్టారు మంచివాడే, కాకపోతే నీడను చూసి ఉలిక్కిపడే రకం. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అమ్మా! ఎవరైనా ఒక్క ఫిర్యాదు పెడితే ఇక ట్రిప్పులే మానేద్దాం" అంటూ ఉంటాడు. ఆ మాట టీచరమ్మ గుండెల్లో ముల్లులా ఉండేది. ఇల్లూ బడీ తప్ప మూడో చోటు ఎరగని పిల్లలు ఆ బడిలో సగం మంది.

అలాంటి పిల్లల్లో దర్జీ కూతురొకతె. అయిదో తరగతి. చిన్న ముఖం, పెద్ద కళ్ళు, అంతకంటే పెద్ద మొండితనం. దర్జీ పని తల్లిదే; పిల్లను ఆవిడ ఏ ట్రిప్పుకూ పంపలేదు. ఆ ఏడాది ట్రిప్పు నగరంలోని నక్షత్రశాలకి. కబురు తెలిసినప్పటి నుంచీ పిల్ల డ్రిల్లు పీరియడులో టీచరమ్మ పక్కనే తచ్చాడేది. "టీచర్, పగలే నక్షత్రాలు చూపిస్తారట, నిజమేనా? కుర్చీలు వెనక్కి వాలిపోతాయట కదా?" అనేది. తనను పంపమని మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఆ అడగకపోవడం చూసే టీచరమ్మ ఒక సాయంత్రం దర్జీ కొట్టుకు వెళ్ళింది.

బడి వెనక వీధిలో ముందుగదే కొట్టు, వెనకగదే ఇల్లు. కుట్టుమిషను మీద సగం కుట్టిన యూనిఫారం చొక్కా, గోడకు సుద్దముక్కతో గీసిన కొలతలు, కింద చాప మీద కూతురు బొత్తాలు రంగుల వారీగా ఏరుతోంది. దర్జీ మిషను ఆపలేదు.

"టీచరమ్మగారూ, మీరెందుకొచ్చారో నాకు తెలుసు. పంపను. మీ మీద కోపం కాదు."

"మరెవరి మీద?"

మిషను అప్పుడు ఆగింది. దర్జీ దారం పళ్ళతో కొరికి చెప్పడం మొదలుపెట్టింది. తనూ ఒకప్పుడు ఇలాగే ట్రిప్పుకు వెళ్ళిందట. దారిలో బస్సాపి అందరినీ ఒక ప్రార్థన చోటుకు తీసుకెళ్ళారట. అది తమది కాదు. చేతులు జోడించమంటే, "మా అమ్మనడగాలండీ" అందట. అంతే, ఆ టీచరుకు ఒళ్ళు మండింది. అందరూ వచ్చేదాకా బయట ఎండలో నిలబడమంది. రాతి నేల. చెప్పులు అవతలి గుమ్మం దగ్గర ఉండిపోయాయి. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ఆ తర్వాత మళ్ళీ బడి ముఖం చూడలేదట.

"మీ అమ్మ బడి మాన్పించేసిందా?"

"లేదండీ, మా అమ్మ పంపింది. నేనే పోలేదు. అందరూ నన్ను చూసి నవ్వుకుంటూ బస్సెక్కారు కదా, మళ్ళీ వాళ్ళ మధ్య కూర్చోలేకపోయాను. నాకు వాళ్ళ దేవుడి మీద కోపం లేదండీ. నన్నడక్కుండా నా చేతులు జోడించాలని చూసిన మనిషి మీదే కోపం. తెల్లారి లేస్తే ఇప్పటికీ ఆవిణ్ణి తిట్టుకుంటాను."

ఆ టీచరెవరో టీచరమ్మకు తెలీదు, కానీ ఆ కొలువే తనదీ. "నా బస్సులో అలా జరగదమ్మా. ఏ మతపు గుమ్మమూ మీ అమ్మాయి చేత తొక్కించను. ఇది నా మాట" అంది. ఆ ఆవేశంలో ఇంకో పని కూడా చేసింది. పిల్లని దగ్గరకు పిలిచి, "ఎవరైనా లోపలికి రమ్మంటే ఏం చెయ్యాలి?" అని అడిగింది. "ఎవరు పిలిచినా వెళ్ళకూడదు" అంది పిల్ల. తల్లి కూడా, "ఆఁ, గుర్తుపెట్టుకో. ఎవరు పిలిచినా సరే" అని వంత పాడింది. "శభాష్!" అని టీచరమ్మ వీపు తట్టింది. ఇద్దరు పెద్దవాళ్ళూ పిల్లకు నియమం ఒంటబట్టించామని సంతోషించారు గానీ, దాన్ని ఎప్పుడు పక్కన పెట్టాలో చెప్పాలని ఏ ఒక్కరికీ తోచలేదు.

నక్షత్రశాల సంగతి ఎంతని చెప్పను! దీపాలు ఆరిపోయి, గుండ్రటి కప్పు నిండా చుక్కలు పొడిచేసరికి బస్సెడు పిల్లలు ఒక్కసారిగా "హా" అన్నారు. దర్జీ కూతురు ఆ "హా" కూడా అనలేదు. నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. బయటికి వచ్చాక టీచరమ్మ చెయ్యి పట్టుకుని, "మా అమ్మ దీన్ని చూస్తే మిషనే తొక్కదు టీచర్" అంది. ఇంత సంతోషం చూడ్డానికేగా పరాయి పిల్లల వాంతులెత్తేది అనుకుంది టీచరమ్మ.

తిరుగు దారిలో ఆకాశం నల్లబడింది. బస్సు డ్రైవరు పేరు నిదానం. అసలు పేరు కాదు లెండి, బండి నడిపే తీరును బట్టి పిల్లలు పెట్టింది. ఎడ్లబళ్ళు కూడా అతన్ని దాటిపోతాయని ఎగతాళి చేస్తారు. ఆ నిదానమే ఆ రోజు కాపాడింది. కుండపోత వానలో రోడ్డు ఒకచోట పల్లంలోకి దిగి కల్వర్టు మీదుగా పోతుంది. పల్లం కనబడగానే అతను బ్రేకు వేశాడు. కల్వర్టు మీద ఎర్రటి నీళ్ళు గుడగుడలాడుతూ పారుతున్నాయి. బండిని వెనక్కి తీద్దామనేసరికి ఇంజను దగ్గింది, మూలిగింది, ఆగిపోయింది. చూస్తుండగానే నీళ్ళు మొదటి మెట్టుదాకా వచ్చాయి.

"అన్నా, ఇక్కడుంటే ఎలా?" అంది టీచరమ్మ.

"ఉండకూడదు టీచరమ్మా. నీళ్ళు పెరుగుతున్నాయి. అదిగో, ఆ మిట్ట మీద ఒక్క కప్పుంది."

"అదేమిటి?"

నిదానం ఒక్క క్షణం తటపటాయించాడు. "ప్రార్థన చేసుకునే చోటు."

"ఇంకేం లేదా?"

"చెట్లున్నాయి."

పిడుగులు పడుతుంటే పిల్లల్ని చెట్టు కిందకు తోలేంత పిచ్చిది కాదావిడ. అయినా దర్జీ కొట్టులో ఇచ్చిన మాట చెవిలో రింగుమంటోంది. పిల్ల తడిసినా, నీళ్ళలో చిక్కుకున్నా తన తప్పే. పిల్లని ఆ గుమ్మం తొక్కించినా తన తప్పే. రెండిట్లో ఏ తప్పు చేస్తే పిల్ల ప్రాణంతో ఉంటుందో ఆ తప్పే చేద్దామనుకుంది. ఈల ఊదింది. జోడీలు చేతులు పట్టుకున్నాయి. నిదానం ముందు, తను వెనక, బురదలో జారుతూ లేస్తూ పిల్లలంతా మిట్ట ఎక్కారు.

అది ఏ మతం వాళ్ళదో నేను చెప్పను. చెబితే టీచరమ్మకు కోపమొస్తుంది. ముందొక గది, లోపల ఇంకో గది, బయట అరుగూ లేదు, పంచా లేదు. తలుపు తీస్తే నేరుగా లోపలే. కాపలా పెద్దాయన తలుపు బార్లా తీసి, "రండి రండి, ఎంతమందైనా రండి" అని పక్కకు జరిగాడు. జోడీల తర్వాత జోడీలు లోపలికి ఉరికారు. చివరి జోడీ గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఒక పిల్ల లోపల, చెయ్యి పట్టుకుని లాగుతోంది. రెండో పిల్ల బయట, కాళ్ళు నేలలోకి దిగ్గొట్టుకుని నిలబడింది. దర్జీ కూతురు.

"రావే, తడిసిపోతున్నావు!" అంటోంది లోపలి పిల్ల.

"రాను."

ఆకాశం నిలువునా చీలినట్టు మెరిసింది. అవతలి పొలంలో ఒక చెట్టు భగ్గుమంది. ఆ చప్పుడుకు లోపలున్న పిల్లలు కెవ్వుమన్నారు. ఆ పిల్ల మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుందే గానీ, అడుగు కదపలేదు.

"ఎత్తి లోపల పడేద్దాం టీచరమ్మా, ఏం చూస్తున్నారు? బతికుంటే బలుసాకు తినొచ్చు!" అని నిదానం ముందుకు వచ్చాడు. జన్మలో అతను తొందరపడ్డం అదే మొదటిసారి. టీచరమ్మ చేతులూ ముందుకు సాగాయి. మళ్ళీ ఆగాయి. అడక్కుండా పట్టుకున్న చేతుల్ని ఒక తల్లి ఇన్నేళ్ళూ తిట్టుకుంది. ఒక్క మాట చెబుదాం, వినకపోతే ఎత్తుకుపోదాం, ఆ తర్వాత తిట్లు తినొచ్చు అనుకుని వానలో మోకాళ్ళ మీద కూలబడింది.

"బంగారూ, ఇటు చూడు. మీ అమ్మకి మాటిచ్చిందెవరు?"

"నేను. మీరు కూడా."

"ముందిచ్చింది నేను. పెద్దదాన్నీ నేనే. ఇప్పుడు ఆ మాట తప్పుతోందీ నేనే. నువ్వు కాదు. తిట్లు పడితే నాకు పడతాయి."

"అమ్మ ఏడుస్తుంది టీచర్."

"ఏడిస్తే పక్కన కూర్చుంటాను. ఊరుకునేదాకా లేవను."

"లోపల మొక్కమంటే?"

"ఒక్కళ్ళని అననియ్యి, అప్పుడు చూడు నా సంగతి! మనం లోపలికి వెళ్ళేది వానకి. అంతే. ఎత్తుకోనా, నువ్వే నడిచి వస్తావా?"

పిల్ల కాసేపు ఆలోచించింది. అంత పిడుగుల్లోనూ ఆలోచించింది, ఏం పిల్లో! ఆ తర్వాత చెయ్యి చాపింది. ఇద్దరూ కలిసే గుమ్మం దాటారు.

లోపల పెద్దాయన చాపలు పరిచాడు. తన దుప్పట్లు తెచ్చాడు, నీళ్ళు కాచాడు. అత్తగారి తువ్వాళ్ళు ఒక తల నుంచి ఇంకో తలకి తిరిగాయి. ఒక పిల్లాడు వణుకుతూ, "టీచర్, భయమేస్తోంది, మొక్కుకోనా?" అన్నాడు. "మొక్కుకో నాయనా. నీ నోరు నీది. పక్కవాడి చేత అనిపించకు, అంతే" అంది. పక్కవాడి చేత అనిపించక్కర్లేదు, వాడప్పటికే ఇంకో దేవుడితో బేరమాడుతున్నాడు, ఇంటికి చేరిస్తే రేపటి నుంచీ హోంవర్కు చేస్తానని.

వాన కాస్త సన్నగిల్లాక పెద్దాయన టీచరమ్మ దగ్గరకు వచ్చాడు. "అమ్మా, ఇంత గాలివానలో మిమ్మల్ని క్షేమంగా చేర్చినవాడికి పిల్లల చేత ఒక్క దణ్ణం పెట్టించండి. ఊరికే వెళ్ళిపోతారా?"

చాప మీద దర్జీ కూతురు తలెత్తి చూసింది. టీచరమ్మ లేచి నిలబడింది. "దణ్ణం నేను పెడతాను పెద్దాయనా. ముందు మీకు పెడతాను. మీ మేలు ఈ జన్మలో మర్చిపోను. పిల్లల్ని మాత్రం అడగను."

పెద్దాయన ముఖం చిన్నబోయింది. "తలుపు తీసేటప్పుడు మీరెవరు, ఏమిటి అని నేనడిగానా?"

"అడగలేదు. నేనూ అదే చేస్తున్నాను పెద్దాయనా. వీళ్ళలో ఎవరు ఎవరో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు మొక్కమంటే ఎవరు మొక్కారు, ఎవరు మొక్కలేదు అని అందరూ చూస్తారు. అప్పుడు అడిగినట్టేగా?"

ఆయన నెరిసిన గడ్డం గోక్కుంటూ లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. నొప్పించానే అని టీచరమ్మ మనసు పీకింది. కాసేపటికి చుట్టుపక్కల వాళ్ళు నలుగురైదుగురు సాయంత్రం ప్రార్థనకు వచ్చారు. పెద్దాయన వాళ్ళని లోపలి గదిలోకి తీసుకెళ్ళి మధ్య తలుపు దగ్గరగా వేశాడు. గొంతులు తగ్గించుకుని కానిచ్చారు. బయటికి వచ్చాక టీచరమ్మతో మెల్లగా అన్నాడు. "మా ప్రార్థనలో మీ పిల్లలు క్షేమంగా ఇల్లు చేరాలని అనుకున్నామమ్మా. దానికేం అడ్డం లేదుగా?"

"దానికి ఏ నియమం అడ్డొస్తుంది పెద్దాయనా!" అంది టీచరమ్మ. నవ్వబోతే ఏడుపొచ్చింది. తన మాట కాదన్నందుకు పిల్లల మీద దుప్పటి లాగేసుకోలేదు సరికదా, చివరి నీళ్ళచుక్క కూడా కాచి పోసిన ఆ మనిషికి ఆవిడ నిజంగానే వంగి దణ్ణం పెట్టింది.

నిదానం ఎలాగో ఫోను కలిపి పెద్దమాస్టారికి కబురు చేశాడు. వేరే దారిన ఇంకో బస్సొచ్చింది. చీకటి పడ్డాక బడి గేటు ముందు ఆగింది. తల్లులూ తండ్రులూ గుంపుగా ఎగబడ్డారు. ఎప్పుడూ అందరికన్నా చివర దిగే టీచరమ్మ, ఆ రోజు మొదట దిగింది. దర్జీ కూతురి చెయ్యి పట్టుకుని, గుంపు చివర గోడకానుకుని నిలబడ్డ తల్లి దగ్గరికి నేరుగా వెళ్ళింది. పెద్దమాస్టారు వెనకాలే, "ఇప్పుడే ఎందుకమ్మా, రేపు మెల్లగా చెబుదాం" అంటూ వచ్చాడు. ఆవిడ ఆగలేదు. ఈ మాట ఇంకొకరి నోటి వెంట విననివ్వకూడదు. ఈ తల్లి ఇక పంపనంటే ఈ పిల్లకు ఇదే మొదటి ట్రిప్పూ, చివరి ట్రిప్పూ.

"అమ్మా, మాట తప్పాను. వాన, పిడుగులు. ఒక ప్రార్థన చోటులోకి తీసుకెళ్ళాను. మీ అమ్మాయి రానంది. వానలో బయటే నిలబడింది. నేనే బతిమాలి తీసుకెళ్ళాను. తప్పు నాది, దాన్నేమీ అనకండి."

తల్లి కూతురి ముందు కూర్చుని తడి జుట్టు వెనక్కి తోసింది. "చేతులు జోడించమన్నారా?"

"ఒక తాతగారు అడిగారు. టీచరు వద్దన్నారు."

"మరి వానలో ఎందుకు నిలబడ్డావే?"

"ఎవరు పిలిచినా వెళ్ళొద్దన్నావుగా."

"పిడుగులు పడుతుంటే కూడానా? భయం వెయ్యలేదూ?"

"వేసింది. కానీ నువ్వు ఎండలో నిలబడ్డావుగా అమ్మా."

దర్జీ చెయ్యి పిల్ల తల మీద ఆగిపోయింది. బొత్తాలు ఏరుకుంటూ పిల్ల అన్నీ విందన్నమాట. విని ఊరుకోలేదు, తల్లిలాగే నిలబడాలనుకుంది. దర్జీ నేల మీద చతికిలబడి పిల్లని ఒళ్ళోకి లాక్కుని, బడి గేటు ముందు అందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చింది. ఇచ్చిన మాట ప్రకారం టీచరమ్మ కూడా ఆ తడి నేల మీదే పక్కన కూర్చుంది.

"నన్ను ఎండలో నిలబెట్టినావిడ పాపాన పోతుందని ఇన్నేళ్ళు తిట్టాను టీచరమ్మా" అంది దర్జీ, ఏడుపు మధ్య. "ఇవాళ నా పిల్లని పిడుగుల్లో నిలబెట్టింది నేను."

"ఇద్దరం నిలబెట్టాం. నేనే కదా శభాష్ అన్నాను."

"మీరు వెళ్ళి తెచ్చుకున్నారు. నాకప్పుడు ఎవరూ రాలేదు." కళ్ళు తుడుచుకుని పిల్లవైపు తిరిగింది. "వినవే. ఇంకెప్పుడైనా వానొస్తే ముందు లోపలికి పో. అది ఎవరి ఇల్లయినా సరే, ఎవరి దేవుడిదైనా సరే. నాకు తర్వాత చెబుదువుగాని."

పెద్దమాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఫిర్యాదు సంగతి అడుగుదామనుకున్నాడో ఏమో, ఆ మాట మానేసి మిగతా పిల్లల్ని వాళ్ళ వాళ్ళకు అప్పజెప్పడానికి వెళ్ళాడు. మళ్ళీ పంపుతారా అని అడిగే ధైర్యం టీచరమ్మకూ లేకపోయింది. దర్జీయే ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"వచ్చే ట్రిప్పు ఎప్పుడో చెప్పండి. దీన్ని పంపుతాను. ఈసారి నాకే మాటా ఇవ్వకండి టీచరమ్మా. మీరు వెళ్తున్నారు, నాకది చాలు."